ఖరీదైన సిగారు, నాలుగు దమ్ములకోసారి ఆరిపోతోంది. తప్పు నాదా, దానిదా?

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 8, రాత్రి 11:20

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదువుకుని పోవడమే తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ ఒళ్ళు మండి రాస్తున్నాను.

జూన్‌లో మా బావ డాలస్ నుంచి వస్తూ ఒక సిగార్ పెట్టె తెచ్చాడు. నికరాగువా సరుకు. టోరో సైజు, 6 అంగుళాల పొడవు, 52 రింగు (లావు కొలత), నల్లటి మడూరో రాపర్, అంటే పైన చుట్టే ఆకు. పెట్టెలో 20. బ్రాండు పేరు రాయను, తప్పు వాళ్ళదో నాదో ఇంకా తేలలేదు కాబట్టి. అక్కడే ఒక్కోటి పదహారు డాలర్లట.

బావ ఉన్నప్పుడు ఇద్దరం చెరొకటి కాల్చాం. అద్భుతం. చివరిదాకా ఒక్కసారి కూడా ఆరలేదు. ఆయన వెళ్ళిపోయాక నేను ఐదు కాల్చాను. ఐదుకి ఐదూ ఆరిపోయాయి. నిన్న రాత్రిదైతే గంటా నలభై నిమిషాల్లో ఏడుసార్లు ముట్టించాను. లెక్కపెట్టా. మూడోసారి నుంచీ నోరంతా చేదు, సగంలో పారేశాను.

నా సామాను: ఆన్‌లైన్లో కొన్న చెక్క హ్యూమిడార్ (సిగార్లని సరైన తేమలో దాచే పెట్టె), మూతకి గడియారంలాంటి ముల్లు తేమ మీటరు. అది ఎప్పుడూ 66 శాతం చూపిస్తుంది. లోపల ఫోమ్ ముక్క ఉన్న నల్ల డబ్బీ, వారానికోసారి నీళ్ళు పోస్తాను. గిలెటిన్ కట్టర్, సింగిల్ జెట్ లైటర్. కాల్చేది బాల్కనీలో, దోమలకి పైన ఫ్యాన్ వేసుకుని.

ఇంకో సంగతి. రెండింటికి ముట్టించిన పది నిమిషాల్లో కొస దగ్గర రాపర్ పగిలింది, పండిన అరటికాయ తొక్కలాగా. ఇది మామూలేనా?

కుకట్‌పల్లి_కింగ్ · ఆగస్టు 8, రాత్రి 11:41

బ్రో, దమ్ము గట్టిగా లాగు. నిమిషానికి మూడు నాలుగు లాగితే ఎందుకు ఆరుతుంది?

పాత_పెట్టె · ఆగస్టు 9, ఉదయం 6:15

పై సలహా పాటించకండి. నిమిషానికి ఒకటి, మహా అయితే రెండు. నాలుగు లాగితే ఆరదు, నిజమే, కానీ లోపల వేడెక్కి తారు రుచి వస్తుంది. మీకు తల తిరుగుతుంది. ఆరిపోయే సిగారుని దమ్ములతో బతికించడమంటే తడి కట్టెలకి కిరోసిన్ పోసి వంట చెయ్యడమే.

మణికొండ గారూ, మీ పోస్టులో జవాబు సగం మీరే రాసేశారు. జూన్‌లో పెట్టె విప్పగానే కాల్చినవి బాగున్నాయి. మీ హ్యూమిడార్లో నెలా రెండు నెలలు ఉన్నవి ఆరిపోతున్నాయి. కొస దగ్గర రాపర్ పగులుతోంది. అంటే లోపలి ఆకు నీళ్ళు తాగి ఉంది. నిప్పు తగలగానే అది ఉబ్బుతుంది, పై ఆకు పల్చన కాబట్టి చిట్లుతుంది. సిగారు తయారుచేసినవాళ్ళ తప్పు ఇందులో కనబడటం లేదు.

మీటరు 66 అంటోంది అన్నారు. ఆ మీటరు మాట ఎవరు నమ్మమన్నారు మిమ్మల్ని? ఆ ముల్లు మీటర్లు అలంకారానికి. దాన్ని ముందు ఉప్పుతో పరీక్షించండి.

శీతల పానీయం సీసా మూత తీసుకోండి. దాన్నిండా ఉప్పు. రెండు మూడు చుక్కలు నీళ్ళు, అంతే. ఉప్పు కరగకూడదు, తడి ఇసుకలా ఉండాలి. ఆ మూతనీ మీటరునీ ఒక జిప్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసి ఒక రోజు వదిలెయ్యండి. ఉప్పు ముద్ద ఉన్న మూసిన చోట తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. గది వేడిలో కాస్త తేడా ఉన్నా పెద్దగా మారదు. మీ మీటరు ఎంత చూపిస్తే, 75కి ఎంత తక్కువో అంత అబద్ధం.

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 9, ఉదయం 8:02

చేస్తాను సర్. కల్లుప్పు పనికొస్తుందా? ఇంట్లో అదే ఉంది.

పాత_పెట్టె · ఆగస్టు 9, ఉదయం 8:10

వద్దు. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి, లెక్క తప్పుతుంది. ప్యాకెట్ మెత్తటి ఉప్పు తెచ్చుకోండి.

డాలస్_కావలి · ఆగస్టు 9, ఉదయం 8:34

ఎవరి బావో కానీ మంచి బావ.

తేమ సంగతి పాత పెట్టె గారు చూసుకుంటారు కాబట్టి నేను వేరే అడుగుతా. ఎలా ముట్టిస్తున్నావు తమ్ముడూ? సింగిల్ జెట్ అన్నావు. 52 రింగు అంటే అడ్డం 64లో 52 వంతుల అంగుళం, అంటే రెండు సెంటీమీటర్లు దాటి ఉంటుంది. ఆ సన్న మంట మధ్యలో పెట్టి నాలుగు దమ్ములు లాగేసి అయిపోయిందనుకుంటే నడుమ మాత్రమే కాలుతుంది, అంచు పచ్చిగా ఉంటుంది.

మంట సిగారుకి తగలకూడదు. అర అంగుళం దూరంలో పట్టుకుని, నోట్లో పెట్టుకోకుండానే, కొసని నెమ్మదిగా తిప్పుతూ కాచాలి. అప్పడం కాల్చినట్టు. అంచు చుట్టూ నల్లబడి సన్నగా పొగ లేచాక అప్పుడు నోట్లో పెట్టుకుని, మంట దూరంగానే ఉంచి, తిప్పుతూ రెండు మూడు దమ్ములు. తర్వాత సిగారు తిప్పి కొస మీద మెల్లగా ఊదు. నిప్పు ఎక్కడ ఎర్రగా ఉందో, ఎక్కడ నల్లగా ఉందో కనబడుతుంది. నల్లగా ఉన్నచోట ఇంకాస్త కాచు. నేను దీనికే ఒకటిన్నర నిమిషం తీసుకుంటా. మా ఆవిడ హోమం చేస్తున్నావా అంటుంది.

ఆ ఫ్యాన్ ఆపెయ్. గాలి ఒక పక్క నుంచి కొడితే ఒక పక్కే కాలి పడవలా అవుతుంది.

ఓరుగల్లు_పోరడు · ఆగస్టు 9, ఉదయం 9:50

ఫ్యాన్ ఆపితె దోమలు కాల్చుతయి అన్నని.

డాలస్_కావలి · ఆగస్టు 9, ఉదయం 9:58

😀 ఫ్యాన్ కుర్చీ వెనకాల నేల మీద పెట్టుకోమను. గాలి కాళ్ళకి తగలాలి, సిగారుకి కాదు.

రేవు_దాటిన_లంక · ఆగస్టు 9, మధ్యాహ్నం 2:26

మాది గోదారి లంకలండి. మా తాతగారు లంక పొగాకు చుట్ట తప్ప ఇంకోటి ముట్టలేదు. ఆయనకి హ్యూమిడారూ లేదు, మీటరూ లేదు. చుట్టల కట్ట వంటింట్లో పొయ్యికి ఎగువన, దూలానికి వేలాడే ఉట్టిలో ఉండేది. వానాకాలంలో అయితే పొయ్యికి ఇంకో మూరెడు దగ్గరికి దించేవారు. మేం పిల్లలం, ఎందుకో తెలిసేది కాదు.

కాల్చబోయే ముందు చుట్టని చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలూ చూపుడువేలూ మధ్య మెల్లిగా దొర్లించేవారు. సన్నగా చిటపటమంటే సరే. చప్పుడు రాకపోతే “ఇది మెత్తబడిందిరా” అని మళ్ళీ ఉట్టిలోకి. మరీ గలగలమంటే అరచేతిలో కాసేపు మూసి పట్టుకునేవారు.

సిగారుని అలా నలపకూడదంటారు, పై ఆకు పాడవుతుందని. నలపక్కర్లేదండి, మెల్లిగా నొక్కితే చాలు. కాస్త లోపలికి పోయి మళ్ళీ పైకి రావాలి. తడిసిన దూదిలా మెత్తగా ఉంటే నీళ్ళెక్కువ. ఎక్కడైనా ఒక్కచోట గట్టిగా ముడిలా తగిలితే అక్కడ ఆకు బిగుసుకుంది, దమ్ము రాదు.

ఇంకో మాట. ఆయన చుట్ట రోజుకి పదిసార్లు ఆరిపోయేది. ఆరగానే చెవి మీద పెట్టుకుని పొలంలోకి పోయేవారు, వచ్చి మళ్ళీ ముట్టించేవారు. ఆరిపోవడం ఒక జబ్బని ఆయనకెవరూ చెప్పలేదు.

బ్యారన్_కొడుకు · ఆగస్టు 9, సాయంత్రం 5:40

లంక గారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయా. మాది కందుకూరు వైపు, మూడు తరాలుగా వర్జీనియా పొగాకు, రెండు బ్యారన్లు (ఆకుని వేడికి ఆరబెట్టే కొట్లు). సిగారు ఆకు వేరు, మా ఆకు వేరు. కానీ ఆకు కాలడమనే గుణం మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

కొన్ని ఆకులు ఎంత ఆరబెట్టినా నిప్పు పట్టవు. దానికి కారణం క్లోరైడ్. ఉప్పునీళ్ళ బోరు కింద వేసిన పొగాకు చూడ్డానికి బాగానే ఉంటుంది. ముట్టిస్తే నల్లగా మాడి ఆరిపోతుంది. క్లోరైడ్ ఆకుని చెమ్మ పీల్చేలా చేస్తుంది, నిప్పుని నిలవనివ్వదు. పొటాషియం దానికి విరుగుడు, నిప్పు నిలబెట్టేది అదే. అందుకే మా నాన్న పొగాకుకి మామూలు పొటాష్ చచ్చినా వెయ్యడు. మామూలు పొటాష్ అంటే మ్యూరేట్, అంటే పొటాషియం క్లోరైడ్. ఇంకొంత ఖర్చైనా సల్ఫేట్ పొటాషే. రాజమండ్రిలో 1947లో పొగాకు పరిశోధన కేంద్రం పెట్టారు, వాళ్ళూ పొగాకు బోర్డువాళ్ళూ మా ఊళ్ళకొచ్చి నీళ్ళు పరీక్ష చేయించుకోమని చెప్పేది దీని గురించే.

మా నాన్న పరీక్ష ఏంటంటే, ఎండిన ఆకు ముక్క అంచుకి అగరొత్తి నిప్పు ఆనిస్తాడు. మంట లేకుండా నిప్పు ఆకులో పాకుతూ ఎన్ని లెక్కపెట్టేదాకా పోతుందో చూస్తాడు. ఐదు లోపే ఆరితే పెదవి విరుస్తాడు.

కాబట్టి మణికొండ అన్నా, తేమ సరిచేశాక కూడా పెట్టె మొత్తం ఆరిపోతుంటే అప్పుడు ఆకుని అనుమానించు. కానీ నీ పెట్టెలో మొదటివి బాగా కాలాయి కాబట్టి ఆకు నిర్దోషి.

పాత_పెట్టె · ఆగస్టు 9, సాయంత్రం 6:05

బ్యారన్ కొడుకు గారూ, పాతికేళ్ళుగా సిగార్లు కాలుస్తున్నా, ఈ పొటాష్ సంగతి ఇంత వివరంగా ఇప్పుడే విన్నా.

దీనికి ఒక ముక్క కలుపుతా. సిగారు లోపల ఒకే ఆకు ఉండదు. మొక్క అడుగున వచ్చేది వొలాడో, తేలిగ్గా కాలుతుంది. మధ్యది సెకో, వాసనకి. పైన ఎండ తినేది లిహెరో, మందంగా, జిడ్డుగా, ఘాటుగా ఉంటుంది, నిదానంగా కాలుతుంది. అందుకే చుట్టేవాళ్ళు లిహెరోని సరిగ్గా నడిమధ్యలో పెడతారు. అది పక్కకి జరిగితే ఆ పక్క కాలదు. నికరాగువా ఘాటు సరుకులో లిహెరో ఎక్కువ, పైన మడూరో రాపర్ మందం. ఇలాంటివి పల్చటి కనెక్టికట్ రాపర్ సిగార్ల కంటే తేమకి ఎక్కువ పేచీ పెడతాయి. 69 దగ్గర పల్చటిది హాయిగా కాలుతుంది, ఇది మూలుగుతుంది. నేను ఇలాంటివన్నీ 65 దగ్గరే ఉంచుతా.

పళ్ళ_డాక్టర్ · ఆగస్టు 9, రాత్రి 9:12

మీ వేడుక చెడగొట్టడానికి కాదు, ఒక్క మాట. సిగారు పొగ క్షారగుణం ఉన్నది. అందువల్ల నికోటిన్ ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నోటి పొర గుండానే రక్తంలోకి వెళ్తుంది. నిమిషానికి నాలుగు దమ్ములు అన్న పెద్దమనిషి సలహా విన్నవాళ్ళకి చెమటలు పట్టి వాంతి వచ్చేది అందుకే. నోటి క్యాన్సర్ సంగతి మీకందరికీ తెలుసు, తెలిసి కాలుస్తున్నారు, నేను ఉపన్యాసం ఇవ్వను. నోట్లో తెల్లమచ్చ రెండు వారాల్లో పోకపోతే ఎవరికైనా చూపించుకోండి, చాలు.

సిక్కోలు_సిన్నోడు · ఆగస్టు 9, రాత్రి 10:30

డాక్టరు గారు, మా నాయినమ్మ అడ్డపొగ తాగేది. నిప్పు కొస నోట్లో పెట్టుకుని. గాలిలో, వానలో, నాట్లేస్తూ కూడా సుట్ట ఆరేది కాదు, మాటాడుతూనే ఉండేది. మణికొండ అన్న సమస్యకి అదొక్కటే గ్యారంటీ మందు 😅

పళ్ళ_డాక్టర్ · ఆగస్టు 9, రాత్రి 10:44

నవ్వొచ్చినా నవ్వలేను బాబూ. అంగిలి మీద ఆ వేడి పడి పడి అక్కడే క్యాన్సర్ వస్తుంది. నేను విశాఖలో చదువుకునేటప్పుడు ఉత్తరాంధ్ర నుంచి వచ్చే అమ్మమ్మల అంగిళ్ళు చూసే పాఠం నేర్చుకున్నాం. నాయినమ్మ గారు ఎలా ఉన్నారు?

సిక్కోలు_సిన్నోడు · ఆగస్టు 9, రాత్రి 10:51

లేదు సార్. 2011లో పోయింది. గొంతే.

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 11, ఉదయం 7:30

ఉప్పు పరీక్ష ఫలితం: 67.

అంటే 75 ఉండాల్సినచోట 67 చూపిస్తోంది. 8 తక్కువ. అంటే నా పెట్టెలో ఇన్నాళ్ళూ 66 కాదు, 74 ఉంది! నేనేమో ముల్లు కాస్త కిందికి రాగానే పాపం ఎండిపోతున్నాయని ఇంకొన్ని నీళ్ళు పోస్తూ వచ్చాను.

డాలస్_కావలి · ఆగస్టు 11, ఉదయం 7:44

ఏ నీళ్ళు పోశావు?

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 11, ఉదయం 7:46

ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళు అన్నా.

పాత_పెట్టె · ఆగస్టు 11, ఉదయం 8:20

డిస్టిల్డ్ నీళ్ళే పొయ్యాలి. వేరే నీళ్ళలో ఖనిజాలు ఫోమ్ రంధ్రాల్లో పేరుకుంటాయి, బూజుకీ దారి. ఇక్కడ ఇన్వర్టర్ బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ నీళ్ళు దొరుకుతాయి. సీసా మీద చదివి కొనండి. ఒకాయన బ్యాటరీ యాసిడ్ తెచ్చుకున్నాడు, పొయ్యకముందే చూసుకుని బతికిపోయాడు.

అసలు ఆ ఫోమే తీసి పారెయ్యమంటా. అది నీళ్ళు ఇవ్వడమే తప్ప వెనక్కి తీసుకోదు. మన వానాకాలానికి ఇచ్చే సరుకు కాదు, పీల్చే సరుకు కావాలి. రెండు వైపులా పనిచేసే ప్యాకెట్లుంటాయి, బోవెడా లాంటివి. 62, 65, 69, 72 అని తేమ శాతం నంబర్లతో వస్తాయి. ఎక్కువైతే పీల్చుకుంటాయి, తక్కువైతే వదులుతాయి. మీకు 65.

ఇప్పుడు ఉన్నవాటి సంగతి. ఒక్కసారిగా ఎండబెట్టకండి. పై ఆకు ఎండి, లోపలిది తడిగానే ఉండిపోతే చిట్లుతుంది.

కుకట్‌పల్లి_కింగ్ · ఆగస్టు 11, ఉదయం 10:05

మైక్రోవేవ్‌లో పది సెకన్లు పెడితే అయిపోదా? ఎందుకు ఇంత తతంగం?

ఓరుగల్లు_పోరడు · ఆగస్టు 11, ఉదయం 10:09

అన్నా నువ్వు ఈ చర్చ దారంల నుంచి జర దూరం జరుగు.

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 14, రాత్రి 10:15

ఓపిక పట్టలేక అమెరికన్ల వీడియో ఒకటి చూశాను. కాల్చే ముందు రెండు రోజులు మామూలు చెక్కపెట్టెలో, ప్యాకెట్టూ నీళ్ళూ ఏమీ లేకుండా వదిలెయ్యమన్నాడు. డ్రై బాక్సింగ్ అంటారట. మూడు సిగార్లు ఖాళీ చెక్కపెట్టెలో పెట్టి హాల్లో అల్మరా మీద రెండు రోజులుంచాను. ఇవాళ ఒకటి కాల్చాను. డాలస్ అన్న చెప్పినట్టే కాచి, ఊది చూసి, ఫ్యాన్ ఆపి.

తొమ్మిదిసార్లు ఆరింది. రికార్డు.

పాత_పెట్టె · ఆగస్టు 14, రాత్రి 10:40

హాల్లో తేమ ఎంతుంది?

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 14, రాత్రి 10:52

నిన్న కొన్న డిజిటల్ మీటరు ఇప్పుడే పెట్టి చూశాను. దానికీ ఉప్పు పరీక్ష చేశాను సర్, 74 చూపించింది, ఒకటే తేడా. హాల్లో 81.

రేవు_దాటిన_లంక · ఆగస్టు 14, రాత్రి 11:03

ముసురులో వడియాలు పెట్టారన్నమాట.

పాత_పెట్టె · ఆగస్టు 14, రాత్రి 11:20

లంక గారు ఒక్క ముక్కలో చెప్పేశారు.

ఈ ఒక్కటీ అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. ఆకు చుట్టూ ఉన్న గాలితో లెక్క సరిచూసుకుంటూ ఉంటుంది. గాలిలో తేమ తక్కువుంటే వదులుతుంది, ఎక్కువుంటే పీలుస్తుంది. ఆ వీడియోలో ఆయన ఉన్న ఊళ్ళో గదిలో తేమ నలభై ఉంటుంది, చలికాలం హీటరు వేస్తే ఇంకా కిందికి. వాళ్ళకి పెట్టె బయట పెట్టడమంటే ఎండబెట్టడం. ఆగస్టులో హైదరాబాద్‌లో మీ పెట్టె లోపల 74, బయట 81. మీరు వాటిని ఎండబెట్టలేదు, రెండు రోజులు నానబెట్టారు.

అక్కడివాళ్ళు రాసిన సలహాలన్నీ ఎండిపోవడమంటే భయంతో రాసినవి. మనకి ఏడాదిలో నాలుగైదు నెలలు దానికి సరిగ్గా ఎదురు. విశాఖ, కాకినాడవాళ్ళకైతే ఏడాది పొడుగునా.

మరి నీళ్ళెక్కువైతే ఎందుకు ఆరుతుంది అంటే, నిప్పు ముందుకి పాకాలంటే పక్కనున్న ఆకు వేడెక్కాలి. ఆ ఆకులో నీళ్ళుంటే ముందు ఆ వేడంతా నీళ్ళని ఆవిరి చెయ్యడానికి పోతుంది. మీరు దమ్ము లాగినప్పుడు గాలి తగిలి నిప్పు రాజుకుంటుంది, ఆ అర నిమిషం నెట్టుకొస్తుంది. మీరు ఫోన్ చూసుకునేసరికి చల్లారుతుంది. పైగా ఆకు ఉబ్బి సందులు మూసుకుపోతాయి, గాలీ సరిగా రాదు. రెండు దెబ్బలు.

ఏం చెయ్యాలంటే: పడుకునే గదిలో ఏసీ ఉంటుంది కదా. రాత్రి ఏసీ నడిచేటప్పుడు మీటరు అక్కడ పెట్టి చూడండి.

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 15, ఉదయం 6:50

54.

పాత_పెట్టె · ఆగస్టు 15, ఉదయం 7:15

వారాంతంలో కాల్చుకోవడానికి రెండు మాత్రం చెక్కపెట్టెలో పెట్టి ఏసీ గదిలో ఉంచండి, ఏసీ గాలి నేరుగా తగలకుండా. ఉదయం ఏసీ ఆపగానే పెట్టెని మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలోకి మార్చండి. లేకపోతే రాత్రి వదిలిన నీళ్ళు పగలు మళ్ళీ తాగేస్తాయి. మిగతావన్నీ ప్లాస్టిక్ డబ్బాలో, 62 ప్యాకెట్లు రెండు వేసి, మూడు వారాలు ముట్టుకోకండి. తర్వాత 65కి మారండి.

ఊరగాయ డబ్బా మాత్రం వాడకండి. ఎంత కడిగినా ఇంగువ పోదు. అనుభవం.

దోహా_దోస్తు · ఆగస్టు 15, ఉదయం 11:32

మాకిక్కడ బయట ఎండాకాలం రాత్రుళ్ళు తేమ, లోపల ఇరవై నాలుగ్గంటలూ ఏసీ. నేను చిన్న త్రాసు మీద తూస్తాను. కాఫీ గింజలు తూచేది, పదోవంతు గ్రాము చూపిస్తుంది. టోరో ఒకటి బరువు రాసిపెట్టుకుని రోజూ తూస్తే తగ్గడం కనబడుతుంది. బరువు తగ్గడం ఆగిందంటే ఆ గాలితో లెక్క కుదిరినట్టు. ఊహించుకోవడం కంటే నయం.

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 18, ఉదయం 9:00

దోహా అన్న చెప్పినట్టు తూచాను. 15వ తేదీ రాత్రి 16.2 గ్రాములు. ఇవాళ ఉదయానికి 15.7. మూడు రాత్రుల్లో అర గ్రాము. అర గ్రాము నీళ్ళంటే పది చుక్కలు! ఒక సిగారులో పది చుక్కల నీళ్ళు ఎక్కువున్నాయన్నమాట. లంక గారు చెప్పినట్టు చెవి దగ్గర మెల్లిగా నొక్కాను. చాలా సన్నగా చప్పుడు వచ్చింది. మొదటిసారి విన్నాను.

సాయంత్రం కాలుస్తా. ముందు రెండోది తీసుకున్నాను కానీ కాగితం బ్యాండు కింద ఒకచోట గట్టిగా తగులుతోంది. ముట్టించకుండా దమ్ము లాగితే మందపాటి మిల్క్‌షేక్ సన్న స్ట్రాతో లాగినట్టుంది. ఇదేం చెయ్యాలి?

డాలస్_కావలి · ఆగస్టు 18, ఉదయం 9:25

అది వేరే కథ, తేమ కాదు. చుట్టేటప్పుడు ఆకు అక్కడ మెలిక పడి ఉంటుంది. ఎంత ఎండబెట్టినా గాలి వెళ్ళకపోతే ఆరిపోతుంది.

టోపీ, అంటే నోట్లో పెట్టుకునే కొసన అతికించిన ఆకు ముక్క, ఎక్కడ కోస్తున్నావో ముందు చూసుకో. మరీ చివర గోరంత కోస్తే దమ్ము బిగుసుగానే వస్తుంది. టోపీ అతుకు గీత కనబడుతుంది కదా, దానికి కాస్త పైన కొయ్యి. గీత దాటితే రాపర్ విప్పుకుంటుంది. అలా కోసినా రాకపోతే పొడుగాటి సన్న సూదిలాంటి పనిముట్లు అమ్ముతారు, కోసిన వైపు నుంచి మెల్లగా తిప్పుతూ దింపి, ముడి దగ్గర రెండు మూడుసార్లు కదిలించి బయటికి తియ్యాలి.

రేవు_దాటిన_లంక · ఆగస్టు 18, ఉదయం 9:40

కొత్త కొబ్బరి చీపురు పుల్ల. నున్నగా గీకి, కొస చెక్కి. మా తాతగారు చెవి మీద చుట్టతోపాటు అదీ పెట్టుకునేవారు. ఖర్చు సున్నా.

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 18, రాత్రి 11:48

వస్తున్నా, చెబుతున్నా.

ముడి ఉన్నదాన్నే కాల్చాను, పరీక్షగా ఉంటుందని. చీపురు పుల్ల మూడో ప్రయత్నంలో లోపల ఏదో “టక్”మని వదిలినట్టు తగిలింది. దమ్ము హాయిగా వచ్చింది. పుల్ల చివర ఒక చిన్న ఈనె ముక్క తగులుకుని బయటికొచ్చింది, అగ్గిపుల్లలో సగం ఉంటుంది.

తిప్పుతూ కాచాను. ఊది చూస్తే ఒక పక్క నల్లగా ఉంది, అక్కడ ఇంకాస్త. ఫ్యాన్ నేల మీద. దమ్ము నిమిషానికొకటి, ఫోన్ లోపల పెట్టేసి గోడ గడియారం చూస్తూ.

నుసి అంగుళం దాకా నిలిచింది. తెల్లగా! ఇంతకుముందు నల్లగా, తడి మట్టిలా రాలేది. గంటసేపు ఒక్కసారి కూడా ఆరలేదు. కాఫీ, కాస్త బెల్లంపాకం మాడిన వాసన, బావతో కాల్చిన రోజు రుచి అదే.

చివరి మూడో వంతులో వాన పెద్దదైంది, కింద పార్కింగ్‌లో నీళ్ళు చేరుతున్నాయని వాచ్‌మన్ ఫోన్ చేస్తే వెళ్ళి బండి తీసి వచ్చాను. పది నిమిషాలు. ఆరిపోయింది. మళ్ళీ ముట్టించాలా, పడెయ్యాలా తెలియక ఆగిపోయాను. చేదొస్తుందని భయం.

పాత_పెట్టె · ఆగస్టు 18, రాత్రి 11:59

ముట్టించండి! పది నిమిషాలకి ఏమీ కాదు, గంటలోపు పర్లేదు. నుసి మొత్తం రాల్చెయ్యండి. ముట్టించే ముందే నోటితో లాగకుండా, బయటికి మెల్లగా ఊదండి, లోపల చల్లారిన పాత పొగ బయటికి పోతుంది. మీకు ఇంతకుముందు చేదు వచ్చింది అదే. తర్వాత మళ్ళీ మొదటిసారిలాగే కాచి, అప్పుడు దమ్ము. రేపటికి మాత్రం ఉంచకండి, గదంతా ఆ వాసనే.

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 19, రాత్రి 12:31

వేళ్ళు కాలేదాకా కాల్చాను. థ్యాంక్స్ అన్నది చాలా చిన్న మాట సర్. లంక గారికి కూడా.

కుకట్‌పల్లి_కింగ్ · ఆగస్టు 19, ఉదయం 8:15

నేను చెప్పినట్టు గట్టిగా లాగావా చివరికి?

ఓరుగల్లు_పోరడు · ఆగస్టు 19, ఉదయం 8:17

🙏

మణికొండ_మూడోఫ్లోర్ · ఆగస్టు 30, సాయంత్రం 6:22

ఈ దారం మళ్ళీ లేపుతున్నందుకు క్షమించండి. 62 ప్యాకెట్లతో ఉన్న డబ్బా ఇవాళ తెరిచాను. మీటరు 64. అంతా బాగుంది. కానీ ఒకదాని రాపర్ మీద గుండుసూదితో గుచ్చినట్టు ఒక బెజ్జం ఉంది. తట్టితే గోధుమరంగు పొడి రాలింది. నా చీపురు పుల్ల దీని జోలికి పోలేదు.

పాత_పెట్టె · ఆగస్టు 30, సాయంత్రం 6:29

పురుగు. రెండు నెలలు 74 తేమలో, పాతిక దాటిన వేడిలో ఉంచారు కదా, ఆకులో నిద్రపోతున్న గుడ్లు లేచాయి. ఇంకేమీ చదవకుండా ముందు ఆ ఒక్కదాన్ని బయటపడెయ్యండి. మిగతావన్నీ రెండు జిప్ కవర్లలో కట్టి డీప్ ఫ్రీజర్లో మూడు రోజులు, తర్వాత కింది ఫ్రిజ్‌లో ఒక రోజు, ఆ తర్వాతే బయటికి. నేరుగా బయటికి తీస్తే రాపర్లు చిట్లుతాయి.

నిర్వాహకుడు · ఆగస్టు 30, సాయంత్రం 6:41

పురుగుకి వేరే దారం ఉంది, అక్కడికి రండి. మణికొండ గారూ, ఫ్రీజర్లో పెట్టేముందు ఇంట్లో చెప్పి పెట్టండి. పోయినసారి ఒకరి సిగార్లని దాల్చినచెక్క అనుకుని బిర్యానీలో వేశారు.